వీఆర్ఎస్‌కి ఏ పెట్రోల్ పోయాలి? గుంటూరు ఎండల్లో నాకింగ్ లాగ్

ఫిబ్రవరి చివర: పని ఏంటంటే

కారు 2017 స్కోడా ఆక్టావియా వీఆర్ఎస్ 230. రెండు లీటర్ల టర్బో పెట్రోల్, 230 పీఎస్, 350 ఎన్ఎం టార్క్, ఆరు గేర్ల డీఎస్‌జీ (రెండు క్లచ్చుల ఆటోమేటిక్ గేర్‌బాక్సు), కంప్రెషన్ రేషియో 9.6. హైదరాబాద్ నుంచి సెకండ్ హ్యాండ్‌లో తెచ్చుకున్నాను. ఇల్లు గుంటూరు లక్ష్మీపురం, ఆఫీసు విజయవాడ బెంజి సర్కిల్ దగ్గర, కాబట్టి దీని బతుకంతా కాజ టోల్‌గేటుకి అటూ ఇటూ తిరగడమే.

బంకులో కుర్రాడు "సాదానా, పవరా సార్?" అని అడుగుతాడు. దానికి సమాధానం నా దగ్గర తప్ప అందరి దగ్గరా ఉంది. మా బావేమో ఖరీదైన కారుకి ఖరీదైన పెట్రోలే పోయాలంటాడు. ఆఫీసులో ఒకాయన అదంతా డబ్బులు గుంజే వేషాలని కొట్టిపారేస్తాడు. డాలస్‌లో ఉన్న బాబాయి కొడుకు ఫోన్ చేసి "మేమిక్కడ 93 పోస్తాంరా, మీకు ఇంకా 91 ఏంటి" అని జాలిపడ్డాడు. వాడి సంగతి ముందు తేల్చేస్తాను. అమెరికా బంకుల మీద రాసే ఆక్టేన్ నంబరు, మన బంకుల్లో చెప్పే నంబరు ఒకే లెక్కలో ఉండవు. మనది ఆర్ఓఎన్ (రీసెర్చ్ ఆక్టేన్ నంబరు). వాళ్ళది ఆర్ఓఎన్, ఎంఓఎన్ (మోటార్ ఆక్టేన్ నంబరు) రెండింటి సగటు. అందుకే అక్కడి 91 మన లెక్కలో సుమారు 95, అక్కడి 93 అంటే 98 దగ్గర. అమెరికా వీడియోలు చూసి ఇక్కడ కంగారుపడే వాళ్ళలో సగం మంది టెన్షన్ ఈ ఒక్క ముక్కతో తగ్గుతుంది.

ఇక ఆక్టేన్. నంబరు పెద్దదైతే పెట్రోల్‌లో బలం ఎక్కువని చాలామంది అనుకుంటారు, అది కాదు. సిలిండర్లో ఒత్తిడీ వేడీ పెరిగిపోతున్నా, ప్లగ్గు వెలిగించిన మంట తన దగ్గరికి వచ్చేదాకా తనంతట తాను పేలకుండా ఆ పెట్రోల్ ఎంత ఓర్చుకోగలదో చెప్పేదే ఆ నంబరు. ఓర్చుకోలేక ముందే పేలితే అది నాకింగ్. టర్బో ఇంజిన్‌లో గాలిని ముందే కుదించి పంపిస్తాం కాబట్టి ఓర్పు ఎక్కువ కావాలి. పాత కార్లలో నాకింగ్ వస్తే టక్ టక్ మని చెవికి వినపడేది, మెకానిక్ వచ్చి డిస్ట్రిబ్యూటర్ కాస్త తిప్పి పోయేవాడు. ఇప్పుడు ఇంజిన్ బ్లాకు మీద నాక్ సెన్సర్లు ఉంటాయి. ఈ కారు బోరు 82.5 మిల్లీమీటర్లు, ఆ సైజు సిలిండర్లో నాకింగ్ మోత సుమారు 7 కిలోహెర్ట్జ్ దగ్గర వస్తుంది, సెన్సర్ దానికోసమే చెవి ఒగ్గి ఉంటుంది. వినపడగానే ఈసీయూ, అంటే ఇంజిన్‌ని నడిపించే కంప్యూటరు, స్పార్క్‌ని కొన్ని డిగ్రీలు (క్రాంక్ షాఫ్ట్ తిరిగే కోణంలో) ఆలస్యం చేస్తుంది. మనకి ఏ శబ్దమూ రాదు, లైటూ వెలగదు, పికప్ మాత్రం కొంచెం తగ్గుతుంది, అంతే.

ఆ వెనక్కి జరిపిన డిగ్రీలే ఈ ప్రాజెక్టు. ఏ పెట్రోల్ పోస్తే, ఏ ఎండలో, ఏ సిలిండర్లో ఎన్ని డిగ్రీలు వెనక్కి పోతున్నాయో రాసుకుంటాను, దాన్ని బట్టి బంకులో ఏం చెప్పాలో తేలుస్తాను.

మార్చి: కొలజాడీ, రంగు నీళ్ళు

లాగ్‌ల కంటే ముందు అసలు ట్యాంకులో ఏం పోస్తున్నానో, అందులో ఇథనాల్ ఎంత ఉందో తెలియాలి. కొత్తపేటలో ల్యాబు సామాన్లు అమ్మే షాపులో 100 ఎంఎల్ గాజు మెజరింగ్ సిలిండర్ కొన్నాను. అందులో 20 ఎంఎల్ నీళ్ళు, తేడా కనపడటానికి మిఠాయిల్లో వేసే రంగు ఒక చుక్క, పైన 100 గీత దాకా పెట్రోల్. మూత పెట్టి నాలుగైదు సార్లు తలకిందులు చేసి, మధ్యలో మూత తీసి లోపలి ఒత్తిడి వదిలి, కదలకుండా పెట్టాలి. ఇథనాల్‌కి పెట్రోల్ కంటే నీళ్ళంటేనే ఇష్టం, కాబట్టి కిందికి దిగిపోతుంది, కింది పొర పెరుగుతుంది. ఎంత పెరిగిందో దాన్ని 80తో భాగిస్తే శాతం వచ్చేస్తుంది. ఇదంతా మేడ మీద, ఆరుబయట, చుట్టుపక్కల నిప్పు లేకుండా చూసుకుని చేశాను, అయినా అమ్మ కింద నుంచి "ఇల్లు తగలెడతావా" అని కేకలు.

గుంటూరులో నేను రోజూ పోయించుకునే బంకు సాదా పెట్రోల్: కింది పొర 20 నుంచి 35.5కి వచ్చింది. అంటే 19 శాతం పైన. బందరు రోడ్డులో పోయించిన ప్రీమియం 95: 35. నీళ్ళూ ఇథనాల్ కలిస్తే మొత్తం ఘనపరిమాణం కొద్దిగా తగ్గుతుంది, కాబట్టి ఈ పరీక్ష అసలు కంటే కాస్త తక్కువే చూపిస్తుంది. ఆ తేడా వేసుకుంటే రెండూ ఇ20నే, అంటే 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోలే. డబ్బులెక్కువ పెడితే ఇథనాల్ తప్పించుకోవచ్చని మా బావ చెప్పిన లెక్క మేడ మీదే పోయింది.

ఇక్కడ నాకు అసలు చిక్కు కనపడింది. బీఎస్6 సాదా పెట్రోల్‌కి ఆక్టేన్ కనీసం 91, ప్రీమియంకి 95 అని మనందరికీ గుర్తు. కానీ ఇ20కి రాసిన ప్రమాణంలోనే కనీస ఆక్టేన్ 95. 2025 ఆగస్టులో పెట్రోలియం శాఖ ఇచ్చిన వివరణలో కూడా అదే చెప్పారు. ఇథనాల్ ఆక్టేన్ విడిగా 108 దాకా ఉంటుంది కాబట్టి అయిదో వంతు కలిపితే పెరగడంలో వింతేం లేదు. మరి లీటరుకి కొన్ని రూపాయలు ఎక్కువ పెట్టి ప్రీమియం ఎందుకు? కాగితం మీద చూస్తే ఆక్టేన్ కోసం కాదు, ఇంజెక్టర్లని శుభ్రంగా ఉంచే అడిటివ్‌ల కోసం. కాగితం మీద సంగతి అది. రోడ్డు మీద ఏమవుతుందో చూడాలి.

ఇథనాల్‌కి రెండో వైపు కూడా ఉంది. లీటరుకి దానిలో ఉండే శక్తి పెట్రోల్‌లో కంటే సుమారు మూడో వంతు తక్కువ. మామూలు పెట్రోల్ ఒక కిలో కాలడానికి 14.7 కిలోల గాలి కావాలి, ఇథనాల్‌కి 9 చాలు, అంటే అదే గాలికి ఎక్కువ ఇంధనం పోయాలి. నీతి ఆయోగ్ 2021 రిపోర్టులో ఇ10 కోసం ట్యూన్ చేసిన పాత కార్లకి ఇ20తో మైలేజీ 6 నుంచి 7 శాతం తగ్గుతుందని అంచనా వేశారు. నాది 2017 కారు, ఇ20కి తగ్గ రబ్బర్లు, సీళ్ళు పెట్టిన కార్లు మనకి 2023 ఏప్రిల్ నుంచి వచ్చాయి. అందుకని సర్వీసులో ఫ్యూయల్ పైపులు చూడమని చెప్పడం లిస్టులో చేర్చాను. వానాకాలంలో కారు చాలా రోజులు కదలకుండా ఉంచాల్సి వస్తే ట్యాంకు నిండా పోసి ఉంచడం మేలు, ఖాళీ జాగాలో తేమ చేరితే నీళ్ళని లాక్కునేది మళ్ళీ ఆ ఇథనాలే.

ఒక పక్కమాట. బంకులో డెన్సిటీ చూసుకుంటే చాలని చెప్పేవాళ్ళున్నారు. చూసుకోండి, మంచిదే. ఫిల్టర్ పేపర్ అడగండి, అయిదు లీటర్ల క్యానుతో కొలత చూపించమనండి, అది మన హక్కు. కానీ డెన్సిటీకీ ఆక్టేన్‌కీ సంబంధం లేదు. పెట్రోల్ డెన్సిటీ (ఘనపు మీటరుకి కిలోల్లో) 720 నుంచి 775 మధ్యలో ఎక్కడైనా ఉండొచ్చు, ఆ అంకె చూసి నాకింగ్ సంగతి ఎవరూ చెప్పలేరు.

ఏప్రిల్: లాగ్‌లు మొదలు

ఓబీడీ ఎలెవెన్ పెట్టుకున్నాను, ఈసీయూలోని అంకెల్ని ఫోన్‌లో చూపించే పరికరం అది. మామూలు చౌక బ్లూటూత్ ముక్కలో సిలిండర్ వారీగా రిటార్డ్ (స్పార్క్ వెనక్కి జరిగిన డిగ్రీలు) రాదు, ఫోక్స్‌వ్యాగన్ గ్రూపు కార్లకి పనికొచ్చేది కావాలి. గుంటూరు బైపాస్‌లో ఏటుకూరు దాటాక చిలకలూరిపేట వైపు ఖాళీగా ఉండే ముక్క ఒకటి ఎంచుకున్నాను. మాన్యువల్ మోడ్‌లో మూడో గేరు, 2000 ఆర్పీఎం నుంచి ఫుల్ యాక్సిలరేటర్, 4500 దగ్గర వదిలేయడం. అప్పటికి స్పీడు 100 దగ్గరికొస్తుంది, అంతకంటే అక్కర్లేదు. ఫోన్ పట్టుకుని పక్క సీట్లో మా తమ్ముడు. ప్రతి పెట్రోల్‌కీ ట్యాంకు రిజర్వుకి తెచ్చి, ఫుల్ చేసి, ఈసీయూ అలవాటు పడేదాకా మామూలుగా తిరిగి ఆ తర్వాతే లాగ్. పోసిన వెంటనే "అబ్బ ఏం లాగుతోంది" అనేవాళ్ళ మాట నేను నమ్మను, పైపులో పాత పెట్రోలే ఇంకా ఉంటుంది.

తెల్లవారుజామున, సాదా పెట్రోల్: ఇంటేక్ గాలి (ఇంజిన్‌లోకి వెళ్ళే గాలి) వేడి 36 డిగ్రీలు, రిటార్డ్ మూడు సిలిండర్లలో 0 నుంచి 0.75, మూడో సిలిండర్ ఒక్కదానిలో 2.25. బాగుంది.

అదే ట్యాంకు, అదే రోడ్డు, మధ్యాహ్నం రెండింటికి: ఇంటేక్ గాలి 58. రిటార్డ్ 3, 3.75, 6, 3. మూడోది మళ్ళీ అందరికంటే వెనక.

ప్రీమియం 95, ఇంచుమించు అంతే ఎండ: 2.25, 2.25, 5.25, 2.25.

ఈ మూడు వరసలు పక్కపక్కన పెట్టి చూసుకున్నాక నా ప్రాజెక్టు పేరే మార్చాలనిపించింది. ప్రీమియం పోస్తే తేడా ఉంది, అబద్ధం లేదు, కానీ ముప్పావు నుంచి ఒకటిన్నర డిగ్రీ. పొద్దునకీ మధ్యాహ్నానికీ తేడా మూడు డిగ్రీల పైమాటే. ఇంజిన్‌ని ఇబ్బంది పెడుతున్నది పెట్రోల్ గ్రేడు కంటే మన ఎండే. ఇక ఆ మూడో సిలిండర్, అది ఏ పెట్రోల్ పోసినా, ఏ పూటైనా మిగతావాటికంటే వెనకే ఉంది, అంటే అది పెట్రోల్ గొడవ కానే కాదు.

ఏప్రిల్ చివర: హైదరాబాద్ 100

పెళ్ళికి హైదరాబాద్ వెళ్ళాం కదా అని తిరిగొచ్చేటప్పుడు ఎక్స్‌పీ100 పోయించాను. ఇండియన్ ఆయిల్ వాళ్ళు 2020 డిసెంబరులో తెచ్చిన 100 ఆక్టేన్ పెట్రోల్ ఇది, ఇథనాల్ కలపనిది. నా ఖాళీ సీసాలో కొంచెం పట్టుకొచ్చి మేడ మీద పరీక్ష కూడా చేశాను, కింది పొర 20 దగ్గర నుంచి కదలలేదు. అప్పుడు లీటరు 160 రూపాయల పైనే పడింది, బిల్లు చూసి మా ఆవిడ ఏమీ అనలేదు, అదే భయం.

లాగ్ మాత్రం అందంగా ఉంది. మధ్యాహ్నం ఎండలో కూడా మూడు సిలిండర్లు సున్నా, మూడోది 1.5. లాంగ్ టర్మ్ ఫ్యూయల్ ట్రిమ్, అంటే ఈసీయూ తన లెక్క మీద అదనంగా పోసే ఇంధనం శాతం, ఇ20తో ప్లస్ 7 దగ్గర ఉండేది, దీనితో ఒకటికి దిగింది, అంటే ఈసీయూకి తన అసలు లెక్క దొరికింది. సూర్యాపేట, నందిగామ మీదుగా వచ్చినప్పుడు మైలేజీ కూడా ఇ20 కంటే మెరుగు, లీటరుకి 11.8 వచ్చేది 12.6 వచ్చింది. మరి పికప్? పొద్దున చల్లగా ఉన్నప్పుడు తేడా నాకు తెలియలేదు, తమ్ముడికీ తెలియలేదు, 60 నుంచి 100 టైము కూడా చెప్పుకునేంత మారలేదు. కారణం తెలిసిందే. కంపెనీ ప్రోగ్రాములో స్పార్క్ ఎంత ముందుకు జరపాలో ఒక హద్దు రాసి ఉంటుంది. పెట్రోల్ ఆ హద్దు దాకా ఓర్చుకుంటే చాలు, దాన్ని మించిన ఓర్పు ఉన్నా ఈసీయూ దాన్ని వాడుకోదు. మధ్యాహ్నం మాత్రం తేడా తెలిసింది, ఎందుకంటే అప్పుడే ఆ హద్దుకి దూరంగా ఉన్నాం.

డబ్బుల లెక్క వేస్తే 95తో కిలోమీటరుకి సుమారు పది రూపాయలు, 100తో పన్నెండున్నర పైన. మైలేజీ 7 శాతం పెరిగింది, ధర మూడో వంతుకి పైగా పెరిగింది. పైగా రోజూ తిరిగే నా దారిలో అది దొరకదు. కాబట్టి 100 ఈ కారుకి రోజువారీ సమాధానం కాదు, నాకు అది ఒక కొలబద్ద: నాకింగ్ బెడద లేకపోతే ఈ ఇంజిన్ ఎలా ఉంటుందో చూపించింది.

మే మొదట్లో: ఆటోనగర్

మూడో సిలిండర్ సంగతి చూడటానికి విజయవాడ ఆటోనగర్‌లో తెలిసిన మేస్త్రీ దగ్గరికి తీసుకెళ్ళాను. ఆయన లాగ్ చూడలేదు, "ముందు ప్లగ్గులిప్పు బాబూ" అన్నాడు. ఇప్పితే నాలుగింటికీ పింగాణీ మీద ఇటుక రంగు పూత. మూడోదానికి పూత ఎక్కువ, గ్యాపు కూడా ఉండాల్సినదానికంటే బాగా తెరుచుకుని ఉంది. "ముందాయన డబ్బా మందు బాగా పోసినట్టున్నాడు" అన్నాడు మేస్త్రీ.

డబ్బా మందంటే ఆక్టేన్ బూస్టర్. వీటిల్లో చాలావాటిలో మాంగనీసో ఇనుమో ఉన్న రసాయనం ఉంటుంది, అది కాలాక ఇలా ఎర్రటి పూతగా మిగులుతుంది. డబ్బా మీద "30 పాయింట్లు పెరుగుతుంది" అని రాసి ఉంటే 91 కాస్తా 121 అవుతుందని అనుకోకండి, వాళ్ళ భాషలో ఒక పాయింటంటే ఆక్టేన్‌లో పదో వంతు. అంటే మూడు నంబర్లు, అదీ మొత్తం డబ్బా ఒక ట్యాంకుకి పోస్తే. ఆ మూడు నంబర్ల కోసం ప్లగ్గులు పాడుచేసుకోవడం నాకు నచ్చదు. పక్క షెడ్డులో ఒక కుర్రాడు టోలీన్ అనే రసాయనం కలుపుకోమని సలహా ఇచ్చాడు, ఆక్టేన్ నిజంగానే పెరుగుతుంది కానీ రబ్బరు పైపులతో అది ఆడుకునే ఆట నేను చూడదలచుకోలేదు.

కొత్త ప్లగ్గులు, గ్యాపు సరిచేసి వేశాం. బంపరు దించితే ఇంటర్‌కూలర్ (టర్బో నుంచి వచ్చే వేడి గాలిని చల్లబరిచేది) ముందంతా దుమ్ము, పురుగులు, మిరపయార్డు వైపు తిరిగిన కారు కదా, ఎర్రటి పొడి కూడా. రెక్కలు కొన్ని వంగిపోయి ఉన్నాయి. నీళ్ళు మెల్లగా కొట్టి, వంగినవి సన్నటి దువ్వెనతో ఓపిగ్గా నిలబెట్టాం. పని మొత్తానికి అయిన ఖర్చు ఒక ఫుల్ ట్యాంకు 100 కంటే తక్కువ, ప్లగ్గుల ధర పక్కన పెడితే.

సాదా పెట్రోల్, మధ్యాహ్నం, అదే ముక్క: ఇంటేక్ గాలి 50. రిటార్డ్ 1.5, 1.5, 2.25, 1.5.

ఏప్రిల్‌లో ప్రీమియం పోసి కూడా ఇది రాలేదు.

మే ఆఖరు: రోహిణి కార్తె

రోహిణి ఎండకి రోళ్ళు పగులుతాయంటారు, టర్బో కారుకి అంతకంటే మంచి పరీక్ష ఎక్కడ దొరుకుతుంది. హైవే మీద గాలి తగులుతుంది కాబట్టి అసలు కష్టం సిటీలోనే. బెంజి సర్కిల్ నుంచి బందరు రోడ్డు మీద సిగ్నళ్ళలో ఆగుతూ, ఏసీ ఫుల్, సిగ్నల్ దగ్గర నిలబడ్డప్పుడు ఇంటేక్ గాలి 70 దాటింది. పచ్చ పడగానే గట్టిగా తొక్కితే సాదా పెట్రోల్‌తో రిటార్డ్ 4.5 దాకా, ప్రీమియంతో 3. ఇంజిన్‌కి ప్రమాదం లేదు, ఈసీయూ చూసుకుంటోంది, కానీ ఇక్కడ ఆ ఒకటిన్నర డిగ్రీ చేతికి తెలుస్తుంది, కదలడంలో బరువు తగ్గినట్టుంటుంది.

సందర్భం వచ్చింది కాబట్టి ఇంకోటి. డీఎస్‌జీ మైలేజీ కోసం తొందరగా పై గేరు వేసేస్తుంది, 1500 ఆర్పీఎంలో ఆరో గేరులో ఉండగా మాన్యువల్ మోడ్‌లో ఫుల్‌గా తొక్కకండి. అక్కడ వచ్చేది మామూలు నాకింగ్ కాదు, స్పార్క్ రాకముందే మంట పుట్టే రకం, పిస్టన్ పగలగొట్టేంత గట్టిది, స్పార్క్ ఆలస్యం చేసినా ఆగదు. దానికి ఆక్టేన్ పెంచడం మందు కాదు. గేరు దించాలి, దీని కోసమే వచ్చిన ఎస్ఎన్ ప్లస్, ఎస్పీ రకం ఇంజిన్ ఆయిల్ వాడాలి. ఆయిల్ మార్చేటప్పుడు డబ్బా మీద కారు కంపెనీ అప్రూవల్ నంబరుతో పాటు అది కూడా చూస్తున్నాను.

కాబట్టి ప్రస్తుతానికి బంకులో నేను చెప్పేది ఇది. మార్చి నుంచి వానలు పడేదాకా ప్రీమియం 95, ఆ తర్వాత సాదా. తిరుపతి లాంటి దూరం వెళ్ళేటప్పుడు, నలుగురూ సామానూ ఏసీతో ఘాట్ ఎక్కాలంటే, ఏ కాలమైనా 95. బంకు మాత్రం రోజంతా లారీలూ కార్లూ ఆగేదే చూసుకుంటాను, కొండపల్లి నుంచి వచ్చిన ట్యాంకరు అక్కడ రెండో రోజుకే ఖాళీ అవుతుంది, ఇథనాల్ కలిసిన పెట్రోల్ భూమి లోపలి ట్యాంకులో వారాలు నిలవ ఉండే బంకు నాకొద్దు.

జూన్: రీమ్యాప్ గురించి

ఇంతా చూశాక రీమ్యాప్ (పవర్ పెరిగేలా ఈసీయూలోని ప్రోగ్రాము మార్చడం) చేయించాలని మనసు లాగుతోంది, దాచుకోవడం దేనికి. ట్యూనర్ రెండు ఫైళ్ళు ఉన్నాయన్నాడు, ఒకటి 95కి, ఒకటి 98 పైన. పెద్ద ఫైలులో చూపించే హార్స్‌పవర్ నోరూరించేలా ఉంది. కానీ 98 ఫైలు వేసుకుని గుంటూరులో 95 పోస్తే ఈసీయూ రోజంతా స్పార్క్‌ని వెనక్కి లాగుతూనే ఉంటుంది, మధ్యాహ్నం 95 ఫైలు కంటే వెనకబడినా ఆశ్చర్యం లేదు. ఫైలు ఎంచుకోవాల్సింది ఇంటి దగ్గర బంకును చూసి, హైదరాబాద్ బంకును చూసి కాదు. 95 ఫైలే అడిగాను, అదీ ఇ20 అని గట్టిగా చెప్పాను. ట్యూనర్ పొద్దున లాగ్ పంపమన్నాడు, నేను బందరు రోడ్డు మధ్యాహ్నం లాగ్‌లు పంపాను.

అవి చూసి ఆయన నుంచి వచ్చిన జవాబు: ఈ ఇంటేక్ టెంపరేచర్లకి బూస్ట్ (టర్బో గాలి ఒత్తిడి) పెంచను, ముందు పెద్ద ఇంటర్‌కూలర్ వేయించండి, గేర్‌బాక్సు ఫైలు కూడా కలిపే చేద్దాం, కంపెనీ టార్క్ దగ్గరే ఆ క్లచ్చులు పరిమితిలో ఉన్నాయి. నిజాయితీగా మాట్లాడాడు, బేరం పోయినా పర్లేదన్నట్టు. ఇంటర్‌కూలర్ ధరలు కనుక్కుంటున్నాను. అది బిగించాక ఫైలు జోలికి పోకుండా ముందు సాదా పెట్రోల్‌తో మధ్యాహ్నం మళ్ళీ ఏటుకూరు దాటి ఆ ముక్క మీద లాగ్ తీస్తాను, ఇంటేక్ గాలి 45 లోపు కనపడితేనే ట్యూనర్‌కి అడ్వాన్సు.